ఫిజీ ఫుట్‌బాల్ జట్టు: ఆ 13-0 వెనక, ఆ 1-0 వెనక

మీరు అడిగింది ఇది: "ఫిజీ ఒకసారి 24-0తో గెలిచింది, ఇంకోసారి 13-0తో ఓడింది. ఆస్ట్రేలియాను ఓడించిన రికార్డు కూడా ఉంది. ప్రపంచ కప్‌కు మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. అసలు ఇది మంచి జట్టా, కాదా? రగ్బీ పిచ్చి ఉన్న దేశంలో ఫుట్‌బాల్ ఎవరు ఆడతారు? మనవాళ్లకు కూడా అందులో చోటుందని విన్నాను, నిజమేనా?"

నేను 2002 నుంచి పదకొండేళ్లు ఫిజీలోని లౌటోకాలో ఉద్యోగం చేశాను. వచ్చాక కూడా ఆ జట్టును వదల్లేదు, ఏ మ్యాచ్ ఉన్నా చూస్తాను. అందుకే కొంచెం పెద్ద సమాధానం రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. ఫిజీ స్కోర్లు చూసేటప్పుడు మూడు విషయాలు పక్కన రాసుకోవాలి: మ్యాచ్ ఎక్కడ జరిగింది, దానికి ముందు ఎన్ని రోజుల విశ్రాంతి దొరికింది, ఆ పదకొండు మంది అంతకుముందు ఎన్నిసార్లు కలిసి ఆడారు. ఇవి లేకుండా స్కోరు ఒక్కటే చూస్తే ఈ జట్టు అస్సలు అర్థం కాదు.

మీరన్న 13-0నే తీసుకుందాం. అది 1981 ఆగస్టు 16, ఆక్లండ్‌లో న్యూజిలాండ్‌తో. ఫిజీకి ఇప్పటికీ అదే అతి పెద్ద ఓటమి. న్యూజిలాండ్ ఆటగాడు స్టీవ్ సమ్నర్ ఒక్కడే 6 గోల్స్ కొట్టాడు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ దానికి రెండు రోజుల ముందు, ఆగస్టు 14న, ఇదే జట్టు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో ఆడింది. అక్కడ 10-0తో ఓడింది. గ్యారీ కోల్ అనే ఆటగాడు 7 గోల్స్ కొట్టాడు. అంటే మెల్‌బోర్న్‌లో ఆడి, సముద్రం దాటి, ఒక్క రోజు తేడాలో ఆక్లండ్‌లో మళ్లీ ప్రపంచ కప్ క్వాలిఫయర్ ఆడారు. జీతాల మీద ఆడే ప్రొఫెషనల్ జట్లకే అది కష్టం. వీళ్లు రోజూ పనికి వెళ్లి, సాయంత్రం ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు.

ఇప్పుడు ఆ క్వాలిఫయర్ మొత్తం లెక్క చూడండి. 1982 ప్రపంచ కప్ కోసం ఫిజీ మొట్టమొదటిసారి బరిలోకి దిగింది. మొత్తం 8 మ్యాచ్‌లు ఆడింది: ఒక గెలుపు, మూడు డ్రాలు, నాలుగు ఓటములు. తైవాన్‌ను 2-1తో ఓడించింది. ఇండోనేషియాతో రెండుసార్లూ డ్రా చేసుకుంది. ఆస్ట్రేలియా ఫిజీ రాజధాని సువాకు వచ్చి ఆడినప్పుడు 4-1తోనే గెలవగలిగింది. మొత్తం 35 గోల్స్ ఇచ్చారు, నిజమే. కానీ అందులో 23 ఆ మూడు రోజుల్లో ఇచ్చినవే. మిగతా ఆరు మ్యాచ్‌లు కలిపి 12. మొదటిసారి ఆడుతున్న చిన్న ద్వీప దేశానికి అది తలదించుకోవాల్సిన లెక్క కాదు. పైగా ఆ న్యూజిలాండ్ మామూలు జట్టు కాదు, ఆ క్వాలిఫయర్ దాటి 1982లో స్పెయిన్‌లో ప్రపంచ కప్ ఆడింది.

24-0 సంగతి కూడా చెప్పేస్తాను. అది 1979 ఆగస్టులో, సొంత గడ్డ మీద జరిగిన సౌత్ పసిఫిక్ గేమ్స్‌లో, నౌసోరిలో కిరిబాటి మీద. కిరిబాటికి అంతకుముందు నెలలోనే స్వాతంత్ర్యం వచ్చింది. ఫిజీ ఫైనల్ దాకా వెళ్లి తహితి చేతిలో 3-0తో ఓడింది. ఆ 24 గోల్స్ ఫైనల్లో ఎందుకూ పనికిరాలేదు. పసిఫిక్‌లో ఇలాంటి స్కోర్లు మామూలే. వాటిని పెద్దగా పట్టించుకోవద్దు.

ఇక "ఎవరు ఆడతారు" అన్న ప్రశ్న. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

1879 నుంచి 1916 దాకా బ్రిటిష్ వాళ్లు దాదాపు 60 వేల మంది భారతీయులను చెరకు తోటల్లో కూలి పనికి ఫిజీ తీసుకెళ్లారు. ఆ ఒప్పందాన్ని, అంటే అగ్రిమెంట్‌ను, కూలీలు "గిర్మిట్" అన్నారు. ఇప్పటికీ అక్కడ ఆ చరిత్ర మొత్తానికీ అదే పేరు. మొదట్లో కలకత్తా రేవు నుంచే పంపేవాళ్లు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులు, మలయాళీలతో పాటు విశాఖ, గోదావరి వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. దక్షిణాది వాళ్లందరినీ అక్కడ కలిపి "మద్రాజీ" అనేవాళ్లు. తెలుగు ఇప్పుడు అక్కడ ముసలివాళ్ల నోట్లోనే మిగిలింది. ఇళ్లల్లో మాట్లాడేది ఫిజీ హిందీ. నేను ఉన్న వీధిలో ఒక పెద్దావిడ నేను తెలుగువాడినని తెలిసి, చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ దగ్గర విన్న నాలుగైదు మాటలు నాకు చెప్పి చూపించింది. "బువ్వ తిన్నావా" అనేది అందులో ఒకటి. ఆ పూట నాకు నిజంగానే అన్నం దిగలేదు.

ఈ చెరకు తోటల పిల్లలకు ఫుట్‌బాల్ బాగా పట్టింది. బంతి ఒక్కటుంటే చాలు, ఇంకేమీ కొనక్కర్లేదు. 1938లో ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది. అదే ఏడాది జిల్లాల మధ్య పోటీ మొదలైంది. ఆ ఇంటర్-డిస్ట్రిక్ట్ టోర్నమెంటు ఇప్పటికీ అక్కడ ఏడాదిలో పెద్ద పండగే. రెవా, సువా, బా, లౌటోకా, నాండి, లంబాసా జట్లు. (నాండి, లంబాసా రాతలో నాడి, లబాసా అని ఉంటాయి. పలికేది మాత్రం ఇలా.) రగ్బీ ఎక్కువగా అక్కడి మూలవాసులైన ఇతౌకేయిలది, ఫుట్‌బాల్ భారత సంతతి వాళ్లది అన్నట్టు విడిపోయింది. 1961లో ఆ అసోసియేషన్ పేరులోంచి "ఇండియన్" తీసేసి అన్ని జాతుల వాళ్లకూ తలుపు తెరిచారు. 1964లో ఫిఫాలో చేరారు.

ఆ తర్వాత జరిగింది చాలా మంది గమనించరు. ఇతౌకేయి కుర్రాళ్లు జట్లలోకి వచ్చారు. మెల్లగా జాతీయ జట్టులో ఎక్కువమంది వాళ్లే అయ్యారు. సంఘం నడిపేవాళ్లలో, జిల్లా కమిటీల్లో మాత్రం భారత సంతతి వాళ్లే ఎక్కువగా ఉన్నారు. రాజకీయాల్లో ఈ రెండు వర్గాలూ ఎన్నోసార్లు ఎదురెదురుగా నిలబడ్డ దేశం అది. అలాంటి చోట బా జట్టు గెలిస్తే గుజరాతీ దుకాణదారుడు, చెరకు రైతు, పక్క ఊరి ఇతౌకేయి కుటుంబం అందరూ ఒకే నల్ల జెర్సీ వేసుకుని రోడ్డు మీదికి రావడం నేను కళ్లారా చూశాను. 2007లో బా ఓషియానియా (న్యూజిలాండ్, పసిఫిక్ దీవుల ప్రాంతం) క్లబ్బుల పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. సొంతూళ్లో న్యూజిలాండ్ జట్టు వైటాకెరె యునైటెడ్‌ను 2-1తో ఓడించింది, అక్కడికి వెళ్లి 1-0తో ఓడింది. లెక్క సమానమే అయినా, బయటి మైదానంలో కొట్టిన గోల్‌కు ఎక్కువ విలువ అన్న నిబంధన వల్ల కప్పు పోయింది. ఆ రాత్రి ఫిజీలో చాలా ఇళ్లల్లో ఎవరికీ నిద్ర లేదు.

మనవాళ్ల గురించి అడిగారు కదా. దక్షిణాది సంతతి వాళ్ల సంస్థ తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం 1926లో నాండిలో మొదలైంది. తెలుగువాళ్లు విడిగా 1941లో ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. బడులు కట్టారు. సన్మార్గ సంగం ఏటా ఈస్టర్ సెలవుల్లో మహాసభ పెడుతుంది. ఆ సభతో పాటు ఫుట్‌బాల్ టోర్నమెంటు ఉంటుంది. గుడి, బడి, బంతి మూడూ ఒకే ప్రాంగణంలో కనిపిస్తాయి. అయితే ఫలానా ఆటగాడు తెలుగు మూలం అని పేరు చూసి తేల్చడానికి నేను ఒప్పుకోను. నాలుగైదు తరాలయ్యాయి, పేర్లు కలిసిపోయాయి, పెళ్లిళ్లు కలిసిపోయాయి. మన వాటా ఆ మైదానాల్లో ఉంది, అంతవరకు ఖాయం.

ఇప్పుడు ఆస్ట్రేలియా మీద గెలుపు. 1977లో ఒకసారి 1-0తో గెలిచారు. కానీ అసలు చెప్పుకోవాల్సింది 1988 నవంబరు 26, నాండి.

అప్పటి పరిస్థితి తెలియాలి. 1987లో ఫిజీలో సైన్యం రెండుసార్లు తిరుగుబాటు చేసింది, మేలో ఒకసారి, సెప్టెంబరులో మళ్లీ. భారత సంతతి వాళ్లు వేల సంఖ్యలో దేశం వదిలి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా వెళ్లిపోవడం మొదలైంది. టీచర్లు, డాక్టర్లు, జట్ల పెద్దలు, ఆటగాళ్లు. ఎవరింట్లో చూసినా సూట్‌కేసులే. అటువైపు ఆస్ట్రేలియా చాలా మంచి ఫామ్‌లో ఉంది. అదే ఏడాది జులైలో ప్రపంచ ఛాంపియన్ అర్జెంటీనాను 4-1తో కొట్టింది. సియోల్ ఒలింపిక్స్‌లో యుగోస్లావియాను ఓడించి క్వార్టర్ ఫైనల్ ఆడింది. అలాంటి జట్టు ప్రపంచ కప్ క్వాలిఫయర్ కోసం నాండిలో దిగింది. రవువామా మాండింగి గోల్ కొట్టాడు. ఫిజీ 1-0తో గెలిచింది.

వారం తర్వాత ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో రెండో మ్యాచ్. ఆస్ట్రేలియా 5-1తో గెలిచి ముందుకు వెళ్లింది. దాంతో చాలామంది మొదటి మ్యాచ్ గాలివాటం గెలుపు అంటారు. నేను ఒప్పుకోను. నాండి ఎండలో, ఆ తేమలో, తెలిసిన మైదానంలో, సరిపడా విశ్రాంతితో ఆడితే ఈ జట్టు ఎంత గట్టిదో అది చూపించింది. న్యూకాసిల్ మ్యాచ్ చూపించింది ఇంకో విషయం: ఆస్ట్రేలియా రెండోసారి తేలిగ్గా తీసుకోలేదు, అంతే. నేను అక్కడికి వెళ్లేటప్పటికి ఆ గెలుపుకు పద్నాలుగేళ్లు. అయినా టాక్సీ ఎక్కితే డ్రైవరు దాని గురించి నిన్న జరిగినట్టే చెప్పేవాడు.

2001 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్‌లో జరిగిన ప్రపంచ కప్ క్వాలిఫయర్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఆస్ట్రేలియా టోంగాను 22-0తో, అమెరికన్ సమోవాను 31-0తో కొట్టింది. ప్రపంచమంతా ఆ 31-0 గురించే మాట్లాడింది. ఆ గ్రూపులో ఫిజీ కూడా ఉందని, ఆ ఆస్ట్రేలియా ఫిజీ మీద కొట్టగలిగింది రెండే గోల్స్ అని ఎంతమందికి తెలుసు? 31-0 తర్వాత మూడు రోజులకే ఆ మ్యాచ్. 2-0. మిగతా మూడు మ్యాచ్‌లూ ఫిజీ బాగా గెలిచింది: అమెరికన్ సమోవా మీద 13-0, సమోవా మీద 6-1, టోంగా మీద 8-1. నన్ను అడిగితే ఫిజీ జట్టు ఆడిన గొప్ప మ్యాచుల్లో ఆ 2-0 ఓటమిని కూడా చేరుస్తాను.

మధ్యలోవి త్వరగా చెప్పేస్తాను. 1991 సౌత్ పసిఫిక్ గేమ్స్‌లో సోలమన్ దీవుల మీద పెనాల్టీల్లో గెలిచి స్వర్ణం. 1998లో బ్రిస్బేన్‌లో జరిగిన ఓషియానియా నేషన్స్ కప్‌లో తహితిని 4-2తో ఓడించి మూడో స్థానం. 2003లో సువాలో న్యూ కాలెడోనియాను 2-0తో ఓడించి రెండో స్వర్ణం. ఆ ఫైనల్‌కు నేను లౌటోకా నుంచి బస్సులో వెళ్లాను. తిరుగు ప్రయాణంలో బస్సంతా పాటలే. 2005 ఆగస్టులో భారత జట్టు వచ్చి రెండు మ్యాచ్‌లు ఆడింది. రెండూ ఫిజీ గెలిచింది. నేను ఎవరి వైపు ఉండాలో తెలియక గొంతు పట్టేసినట్టు కూర్చున్నాను. నా చుట్టూ ఉన్న భారత సంతతి పిల్లలకు అలాంటి సందేహం ఒక్క క్షణం కూడా లేదు, వాళ్లు ఫిజీ కోసమే అరిచారు. అది చూసి సంతోషం వేసింది.

గోల్‌కీపర్ సిమియోనె తమనిసౌ గురించి కొంచెం ఆగి చెప్పాలి. 2006 డిసెంబరులో ఫిజీలో మళ్లీ సైనిక తిరుగుబాటు జరిగింది. న్యూజిలాండ్ ఆంక్షలు పెట్టింది: సైన్యంలో పనిచేసేవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు వీసాలు ఇవ్వబోమని. 2007 అక్టోబరులో ఫిజీ న్యూజిలాండ్‌లో క్వాలిఫయర్ ఆడాలి. తమనిసౌకు సైన్యంతో కుటుంబ సంబంధం ఉందని వీసా ఇవ్వలేదు. రాజకీయాలతో అతనికి ఏ సంబంధమూ లేదు, అతని పని గోల్ కాయడం. ఫిఫా మ్యాచ్‌ను వాయిదా వేసింది. చివరికి న్యూజిలాండ్ సొంతగడ్డ మీద ఆడాల్సిన ఆ మ్యాచ్ 2008 నవంబరు 19న మా లౌటోకాలో జరిగింది. ఫిజీ 2-0తో గెలిచింది. 21 ఏళ్ల రాయ్ కృష్ణ గోల్ కొట్టాడు. నిజం చెప్పాలంటే అప్పటికే న్యూజిలాండ్ గ్రూపు గెలిచేసింది, వాళ్లకు ఆ మ్యాచ్‌తో పని లేదు. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. కానీ స్టాండ్‌లో కూర్చున్న మాకు మాత్రం ఆ సాయంత్రం వేరు. ఆ ఏడాది ఓషియానియా కప్‌లో ఫిజీది మళ్లీ మూడో స్థానం.

2015లో ఒక వింత జరిగింది. ఆ జులైలో ఫిజీ ఫిఫా ర్యాంకు 199, వాళ్ల చరిత్రలోనే అతి తక్కువ. (మంచి ర్యాంకు 94, 1994లో.) సరిగ్గా ఆ నెలలోనే ఫిజీ ఒలింపిక్స్‌కు అర్హత సాధించింది. రెండూ ఎలా కుదురుతాయి? ర్యాంకు సీనియర్ జట్టు మ్యాచ్‌లకే లెక్క. సీనియర్ జట్టుకు మ్యాచ్‌లే లేవు కాబట్టి ర్యాంకు పడిపోయింది. ఒలింపిక్ అర్హత అండర్-23 ఆటగాళ్లది. ర్యాంకు చూసి జట్టును కొలిచేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

ఆ ఏడాది జూన్‌లో అండర్-20 ప్రపంచ కప్ న్యూజిలాండ్‌లో జరిగింది. ఫిజీ ఆడిన మొదటి ఫిఫా టోర్నమెంటు అదే. మొదటి మ్యాచ్‌లో జర్మనీ 8-1తో కొట్టింది. రెండో మ్యాచ్‌లో ఫిజీ కుర్రాళ్లు హోండురాస్‌ను 3-0తో ఓడించారు. ప్రపంచ స్థాయి ఫిఫా టోర్నమెంటులో ఫిజీ మొదటి గెలుపు. కోచ్ ఫ్రాంక్ ఫరీనా. కాఫ్స్ హార్బర్‌లో 31-0 కొట్టిన ఆస్ట్రేలియాకు కోచ్ ఆయనే. వెంటనే జులైలో పపువా న్యూగినీలోని పోర్ట్ మోర్స్‌బీలో పసిఫిక్ గేమ్స్, ఒలింపిక్ అర్హత తేలేది అక్కడే. ఫిజీ మైక్రొనేషియాను 38-0తో ఓడించింది. న్యూజిలాండ్ అర్హత లేని ఆటగాడిని ఆడించిందని సెమీఫైనల్ గెలిచాక కూడా బయటికి పంపేశారు. ఫైనల్లో వనువాటుతో 0-0, పెనాల్టీల్లో 4-3. ఫిజీ 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లింది. అదృష్టం కలిసొచ్చింది అంటారు. కలిసొచ్చింది, నిజమే. కానీ ఫైనల్లో గోల్ ఇవ్వకుండా, తర్వాత ఆ పెనాల్టీలు వేసింది ఫిజీ పిల్లలే.

రియోలో 23 ఏళ్లు దాటినా ఆడనిచ్చే ముగ్గురిలో రాయ్ కృష్ణ ఒకడు, దాదాపు తొమ్మిదేళ్ల కిందట వీసా దొరకని తమనిసౌ ఇంకొకడు. దక్షిణ కొరియాతో విరామానికి 1-0 మాత్రమే వెనకబడి ఉన్నారు, చివరికి 8-0. ఆగస్టు 10న జర్మనీ 10-0తో గెలిచింది. ఆ మర్నాడే ఫిజీ రగ్బీ సెవెన్స్ జట్టు బ్రిటన్‌ను 43-7తో ఓడించి దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం, తెచ్చింది. దేశమంతా వీధుల్లోకి వచ్చింది. ఫుట్‌బాల్ పిల్లలను ఆ రోజు ఎవరూ తలుచుకోలేదు. తప్పు పట్టను, కానీ నా మనసు ఆ పిల్లల దగ్గరే ఉండిపోయింది.

రాయ్ కృష్ణ మీకు తెలిసే ఉంటాడు. లంబాసాలో పుట్టాడు. వెల్లింగ్టన్ ఫీనిక్స్ తరఫున ఆడుతూ 2018-19లో ఆస్ట్రేలియా ఎ-లీగ్‌లో అత్యధిక గోల్స్, ఉత్తమ ఆటగాడి పతకం రెండూ తీసుకున్నాడు. తర్వాత మన ఐఎస్ఎల్‌కు (ఇండియన్ సూపర్ లీగ్) వచ్చి 2019-20లో కోల్‌కతా జట్టు ఏటీకేతో టైటిల్ గెలిచాడు. 2019 డిసెంబరులో గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీతో 2-2 డ్రా అయిన మ్యాచ్‌లో ఏటీకే గోల్స్ రెండూ అతనివే. గిర్మిట్ కూలీలుగా వెళ్లినవాళ్ల సంతతి కుర్రాడు ఫిజీ కెప్టెన్‌గా ఎదిగి, ఇక్కడికి తిరిగి వచ్చి ఆడాడు.

ప్రపంచ కప్ ఎందుకు రాలేదంటే కారణం పెద్ద రహస్యం కాదు. 2006లో ఆస్ట్రేలియా ఓషియానియా వదిలి ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకు వెళ్లిపోయింది, న్యూజిలాండ్ మిగిలింది. వాళ్ల ఆటగాళ్లు యూరప్ లీగుల్లో ఆడతారు. ఫిజీ వాళ్లు ఏడాదిలో కొన్ని వారాలే జాతీయ జట్టుగా కలుస్తారు. 2022 క్వాలిఫయర్లు ఖతార్‌లో పెట్టారు. న్యూ కాలెడోనియాను 2-1తో ఓడించినా, న్యూజిలాండ్, పపువా న్యూగినీ చేతుల్లో ఓడి ఇంటికొచ్చారు. 2026 ప్రపంచ కప్‌కు ఓషియానియాకు మొదటిసారి నేరుగా ఒక చోటు ఇచ్చారు. ఫిజీ సెమీఫైనల్ దాకా వెళ్లింది. 2025 మార్చి 21న వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ 7-0తో గెలిచింది. ఆ మ్యాచ్ చూస్తూ నాకు బాధ వేసింది, ఆశ్చర్యం మాత్రం వేయలేదు. 2026లో మొదలైన ఓషియానియా ప్రొఫెషనల్ లీగ్‌లో ఫిజీ నుంచి బులా ఎఫ్‌సీ ఆడుతోంది. జీతం తీసుకుని వారం వారం గట్టి జట్లతో ఆడే అవకాశం అక్కడి కుర్రాళ్లకు సొంత దేశపు క్లబ్బులో ఇదే మొదటిసారి. నాలుగైదేళ్ల తర్వాత వెల్లింగ్టన్ స్కోరు ఎలా ఉంటుందో నేను దీన్ని బట్టే చూస్తాను.

మీరు ఒక్క ఫిజీ మ్యాచే చూడాలనుకుంటే 2016 ఆగస్టు 7, సాల్వడోర్, మెక్సికోతో ఆడింది వెతికి చూడండి. మెక్సికో అప్పటి ఒలింపిక్ ఛాంపియన్. చివరి స్కోరు 5-1 అని ముందే తెలిసినా పర్వాలేదు. పదో నిమిషంలో రాయ్ కృష్ణ తలతో కొట్టిన బంతి గోల్‌లోకి వెళ్తుంది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఫిజీ మొదటి గోల్. అక్కడి నుంచి విరామం విజిల్ దాకా, ముప్పై అయిదు నిమిషాలు, ఆ ఆధిక్యం అలాగే ఉంటుంది. ఆ ముప్పై అయిదు నిమిషాలూ ఫిజీ డిఫెండర్లు ఎక్కడ నిలబడ్డారో చూడండి.